అర్ధరాత్రి తలుపు తీసినవాళ్లు

యుద్ధఖైదీ తప్పించుకున్న కథ అనగానే ముళ్లకంచె, సొరంగం, సెర్చిలైటు గుర్తొస్తాయి. కంచె దాటాక ఆ రాత్రి అతనికి తిండి ఎవరు పెట్టారు, ఒంటిమీదికి పాత చొక్కా ఎవరిచ్చారు? రెండో ప్రపంచయుద్ధంలో ఎందరో సైనికుల్ని బతికించింది ముక్కూమొహం తెలియని జనమే. వాళ్ల గురించి కొన్ని విశేషాలు.

● ఎవరికి ఎక్కువ ముప్పు?
1929 నాటి జెనీవా ఒప్పందం ప్రకారం, పారిపోయి మళ్లీ చిక్కిన ఖైదీకి క్రమశిక్షణ శిక్షే వేయాలి. అది 30 రోజుల నిర్బంధానికి మించకూడదు. అతన్ని దాచిన ఇంటివాళ్లకు మాత్రం అలాంటి రక్షణ ఏదీ లేదు. జర్మన్ల ఆక్రమణలోని ఇటలీలో ఖైదీని పట్టిస్తే 1,800 లీరాల బహుమతి, ఆశ్రయమిస్తే మరణశిక్ష.

● 500 మంది మనవాళ్లు
1944 మే 11న తూర్పు ఫ్రాన్స్‌లోని ఎపినాల్ పట్టణం మీద అమెరికన్ విమానాలు బాంబులు వేశాయి. అక్కడ సుమారు 3 వేల మంది భారతీయ సైనికులు బందీలుగా ఉన్నారు. గోడలు కూలగానే దొరికిన సందులోంచి బయటపడి, స్విట్జర్లాండ్ వైపు నడిచారు. వందకు పైగా కిలోమీటర్ల దారి. చాలామందికి ఆ దేశపు భాష రాదు, ఒంటిరంగే పట్టిచ్చేలా ఉంది. అయినా దాదాపు 500 మంది సరిహద్దు దాటారు. సినిమాగా లోకమంతా చూసిన 'గ్రేట్ ఎస్కేప్'లో గమ్యం చేరింది ముగ్గురే. ఎపినాల్ కథ మన పిల్లల పాఠాల్లోకి రావలసినది.

● ఎతోబాన్ అనే పల్లె
ఆ దారిలో భారతీయులకు అన్నం పెట్టి, దాచి, సాగనంపిన ఊళ్లలో ఎతోబాన్ ఒకటి. నాలుగు నెలలు తిరిగాక, సెప్టెంబర్ 27న, జర్మన్ సేనలు ఆ ఊరి మగవాళ్లలో 39 మందిని పొరుగూరు షెనెబియే చర్చి దగ్గర కాల్చి చంపాయి. ప్రతిఘటన దళాలకు తోడ్పడ్డారన్న కక్షతో చేసిన పని అది. ఆ ఊరి పేరు మనం గుర్తుపెట్టుకోవాలి.

● డాక్టరు గారి నడక
జర్మనీలోని కోల్డిట్జ్ కోటలో ఉన్న ఒకే ఒక్క భారతీయ ఖైదీ డాక్టర్ బీరేంద్రనాథ్ మజుందార్. భారతీయుల క్యాంపుకు మార్చమని నిరాహారదీక్ష చేసి సాధించుకున్నారు. తర్వాత ఫ్రాన్స్‌లోని క్యాంపు నుంచి తప్పించుకుని, అక్కడి జనం ఆసరాతో స్విట్జర్లాండ్ చేరారు.

● కంచె తెంపనిచ్చిన అధికారి
1943 సెప్టెంబర్ 8న ఇటలీ లొంగుబాటు ప్రకటన వెలువడింది. మర్నాడు ఫోంటనెల్లాటో క్యాంపు అధికారి యూజీనియో విచెదోమిని, జర్మన్లు వచ్చేలోపే సుమారు 600 మంది ఖైదీల్ని వదిలేశాడు. అందుకు జర్మన్లు ఆయన్ని పట్టుకుని నిర్బంధ శిబిరానికి పంపారు. బయటపడినవాళ్లలో చీలమండ విరిగిన బ్రిటిష్ సైనికుడు ఎరిక్ న్యూబీ ఉన్నాడు. ఆసుపత్రిలో అతనికి ఇటాలియన్ నేర్పిన స్లొవేనియా అమ్మాయి వాండా. కొండపల్లెల వాళ్లు నెలల తరబడి దాచినా అతను మళ్లీ చిక్కాడు. యుద్ధం ముగిశాక, 1946లో, వాండానే పెళ్లాడాడు.

● ఏడుగురు అన్నదమ్ములు
ఉత్తర ఇటలీలో చెర్వీ కుటుంబానిది వ్యవసాయం. ట్రాక్టరు కొన్న రోజున దానిమీద గ్లోబు కూడా పెట్టుకుని ఇంటికి తెచ్చిన మనుషులు వాళ్లు. తప్పించుకొచ్చిన విదేశీ ఖైదీలకు ఆ ఇల్లే ఆశ్రయం. 1943 నవంబర్‌లో ఫాసిస్టులు ఇంటిని చుట్టుముట్టారు. డిసెంబర్ 28న ఏడుగురు అన్నదమ్ముల్నీ కాల్చి చంపారు. జైల్లో ఉన్న తండ్రి ఆల్చిదే బాంబుదాడిలో బయటపడి ఇల్లు చేరాకే ఆయనకు ఆ సంగతి తెలిసింది. ఒక్క కొడుకూ మిగల్లేదు. ఆ ఇల్లు ఇప్పుడు మ్యూజియం.

● తెల్లగీతకు అవతల
వాటికన్‌లో పనిచేసిన ఐరిష్ మతగురువు హ్యూ ఓ ఫ్లాహర్టీ, మిత్రులతో కలిసి రోములో సుమారు 4 వేల మంది సైనికుల్ని, యూదుల్ని దాచారు. వాటికన్ హద్దున గీసిన తెల్లగీత దాటితే ఆయన్ని చంపాలని నాజీ అధికారి కాప్లర్ పట్టుదల. యుద్ధం తర్వాత యావజ్జీవం పడిన కాప్లర్‌ని జైలుకు వెళ్లి పలకరించింది ఆ మతగురువే.

● 24 ఏళ్ల అమ్మాయి
1941 ఆగస్టులో బెల్జియం యువతి ఆంద్రే ద జోంగ్ ఓ బ్రిటిష్ సైనికుణ్ణి వెంటబెట్టుకుని పిరనీస్ పర్వతాలు దాటి, స్పెయిన్‌లోని బ్రిటిష్ కాన్సులేట్‌కు చేరింది. ఆమె మొదలుపెట్టిన 'కామెట్' దారిలో దాదాపు 800 మంది బయటపడ్డారు. ఆమె తండ్రిని జర్మన్లు కాల్చి చంపారు. ఆమె శిబిరాల నరకం చూసి బతికి, తర్వాత ఆఫ్రికాలో కుష్ఠురోగులకు సేవచేసింది.

● చైనా చెల్లించిన మూల్యం
1942 ఏప్రిల్‌లో టోక్యో మీద దాడిచేసిన అమెరికన్ వైమానికుల్లో చాలామంది చైనాలో దిగారు. పల్లెజనం వాళ్లను దాచి దాటించారు. ఆ పగతో జపాన్ సేనలు సాగించిన దాడుల్లో రెండున్నర లక్షల మంది పౌరులు బలయ్యారని అంచనా.

● తీరని రుణం
ఇటలీలో తప్పించుకున్న ఖైదీ కీత్ కిల్బీ 1989లో మాంటె సాన్ మార్టినో ట్రస్టును స్థాపించారు. తమను కాపాడిన జనం మీది కృతజ్ఞతతో, ఇటలీ యువతీయువకులు ఇంగ్లండులో చదువుకునేందుకు అది సాయం చేస్తోంది. ఆనాడు రొట్టె పంచి పెట్టిన అవ్వల మనవలకు నేడు చదువు అందుతోంది.