గాలికుంచె పోషణము



ఉస్మానియా విశ్వవిద్యాలయమునందు 1939లో ప్రారంభింపబడిన ఆర్ట్సు కళాశాల భవనమును మీలో పలువురు చూచియే యుందురు. తార్నాకలోని మా యింటినుండి ప్రతి దినము ఉదయమున నేను దానివఱకు నడచి వచ్చుచుందును. ఆ గులాబివన్నె రాతి భవనమునకు నా మనుమడు అట్టముక్కలతో నమూనా కట్టి, రాతి ఛాయ తెచ్చుటకై ఎయిర్ బ్రష్షు అను పరికరమును కొనెను. మామూలు కుంచెతో వేసినచో గీతలు కనబడును. ఇది రంగును మంచువలె చల్లును గనుక ముదురువన్నె లేతవన్నెలో తెలియకుండ కరగిపోవును. దీనిని శుభ్రపఱచు విధమును నేడు చెప్పదలచితిని. ఏలయన, దానిని పాడుచేసి నేర్చుకొన్నవాడను నేనే.

చూచుటకు ఇది లావుపాటి కలము. పైన రంగుగిన్నె, క్రింద గాలిగొట్టము, లోపల పొడవైన సూది. మీట లాగినచో సూది వెనుకకు జరిగి ముక్కురంధ్రము తెఱచుకొనును. ఆ రంధ్రము సాధారణముగా 0.2 మొదలు 0.5 మిల్లీమీటర్ల వెడల్పు గలది. కంప్రెసరునుండి వచ్చు గాలి ముక్కు చుట్టును వేగముగా వెడలునపుడు అచ్చట ఒత్తిడి తగ్గును. రంగు ముందుకు వచ్చి తుంపరలగును. చేనిలో మందుకొట్టు పంపునకు ముక్కు పూడినపుడు మీరు పడు తిప్పలు తలచుకొనుడు.

ఒకనాడు మనుమడు గిన్నె కడుగకయే బయటికి పోయెను. సాయము చేయుదమని నేను గోనెలు కుట్టు సూదితో ముక్కును పొడిచితిని. అది మెత్తని లోహము, అంచు చీలెను. అంతటితో ఆగక, సాధనమునంతటిని రాత్రియెల్ల థిన్నరులో నానవేసితిని. రబ్బరు వాషర్లు ఉబ్బి గాలి కారసాగెను. నమూనా కళాశాలలో చూపుటకు నాలుగు దినములే యుండెను. వాడు “పోనీలే తాతా” అనెను గాని, ఆ రాత్రి అన్నము సరిగా తినలేదు.

చేయవలసిన దిది. పని ముగిసిన వెంటనే మిగిలిన రంగును పాఱబోసి, నీటిరంగైనచో నీటిని, ఎనామెలు రంగైనచో థిన్నరును గిన్నెలో పోసి, తెల్లగా వచ్చువఱకు గుడ్డపై చిమ్మవలెను. పిదప ముక్కును మడత గుడ్డతో మూసి కొద్దిగా గాలి వదలినచో, అది వెనుకకు మరలి గిన్నెలో బుడగలు లేపును; మూలల నంటిన రంగు ఊడివచ్చును. దానిని పాఱబోసి మరల చేయుడు. తరువాత వెనుక మర వదులు చేసి సూదిని మెల్లగా వెనుకకు లాగి, లావు కొసనుండి మొనవైపునకు త్రిప్పుచు తుడువుడు. మొనకు ఎదురుగా తుడిచినచో వ్రేలు గుచ్చుకొనును, మొన వంగును. మొన వంగెనా తుంపర ప్రక్కకు పోవును. గోటిపై తేలికగా లాగి చూచిన ఆ వంపు తెలియును.

ముక్కులో ఎండిన రంగును పొడువరాదు. ఒక చుక్క థిన్నరు వేసి నాననిచ్చి, మెత్తని సన్నకుంచెతో తీయవలెను. ముక్కును మరల బిగించునపుడు వ్రేళ్ల బలమే చాలును. దాని మరలు వెండ్రుకలవంటివి, బలవంతము చేసిన తెగును. వాషర్లను తడిగుడ్డతో తుడిచిన చాలును. సూది నడుమ తగిన నూనె లేశమాత్రము పూయుడు. మొనకు తగిలినచో రంగులో చిన్న చిన్న గుంటలు పడును. వేసవిలో పని నడుమనే మొనపై రంగు ఎండును. అప్పుడప్పుడు తడిగుడ్డతో తుడువవలెను. వానకాలమున కంప్రెసరు గొట్టములో నీరు చేరును. దానిని పట్టు బుడ్డిని ఖాళీ చేయనిచో చుక్కలు గోడపై పడును.

థిన్నరుతో పని చేయునపుడు కిటికీలు తెఱచి, ముక్కునకు తగిన మాస్కు కట్టుకొనవలెను. సమీపమున దీపముగాని పొయ్యిగాని యుండరాదు. ఈ మాట కుఱ్ఱవాండ్రు వినరు. పెద్దలు ప్రక్కన కూర్చుండవలసినదే.

క్రొత్త ముక్కు, వాషర్లు మూడవనాడు వచ్చెను. గోడలు పూర్తియైనవి. ఇపుడు వాడు రంగు వేయును, నేను సూది తుడుచుదును. మొన నా కన్నులకు ఆనదు గనుక ఒక భూతద్దమును కొంటిని.