జాంబీ నది దాటొచ్చా?

గేమ్‌ డిజైనర్‌ కావాలనుకుంటున్నారా? అయితే ఈ ప్రశ్నకు జవాబు ఆలోచించండి. వెంటపడుతున్న జాంబీ నుంచి తప్పించుకోడానికి ప్లేయర్‌ నదిలోకి దూకాడు. ఇప్పుడు జాంబీ ఏం చేయాలి?

ఒడ్డునే ఆగిపోతే ప్రతి ఆటగాడూ నీళ్ల మధ్య ఇల్లు కట్టుకుని హాయిగా కూర్చుంటాడు. భయం పోయాక ఇంక ఆటేముంది? మైన్‌క్రాఫ్ట్‌ దీనికి మంచి ఉపాయమే కనిపెట్టింది. అందులో జాంబీ నీళ్లలో మునిగిపోతుంది. తల 30 సెకన్లు నీటిలోనే ఉంటే, ఈదగలిగే ‘డ్రౌన్డ్‌’గా మారడం మొదలవుతుంది. 2018లో వచ్చిందీ మార్పు. 2005 నాటి ‘ల్యాండ్‌ ఆఫ్‌ ది డెడ్‌’ సినిమాలోనైతే జాంబీలు నది అడుగునే నడిచి వచ్చేస్తాయి. ఊపిరి అక్కర్లేని శవాన్ని నీళ్లెలా ఆపుతాయి మరి!

నీరు గోడలా అడ్డుపడకూడదు, కాస్త ఆలస్యం చేయాలి. అంతే. యూనిటీలో ఇది కష్టమేం కాదు. నావ్‌మెష్‌లో నీటిని వేరే ఏరియాగా పెట్టి ‘కాస్ట్‌’ పెంచండి. దగ్గర్లో వంతెన ఉంటే జాంబీ అటు తిరుగుతుంది, లేకపోతేనే నీళ్లలో దిగుతుంది. కాస్ట్‌ పెంచితే దారి మారుతుందే తప్ప వేగం తగ్గదు. దానికి విడిగా స్క్రిప్ట్‌ రాయాల్సిందే. ఒక నది, ఒక వంతెన, పది జాంబీలతో చిన్న డెమో చేసి పోర్ట్‌ఫోలియోలో పెట్టండి. వంతెన కూలితే ఏమవుతుందో కూడా అందులో చూపించండి.