ఎర్రచందనపు మొక్కలు – అనావృష్టి – అనువంశికత

నంద్యాల నుండి ఆళ్ళగడ్డకు పోవు బాటకు ఇరువైపుల నల్లరేగడి పొలములు. వానిలో జొన్న, ప్రత్తి, సెనగ. తూర్పున నల్లమల కొండలు గోడవలె కనిపించును. ఆళ్ళగడ్డ దాటి అహోబిలము వైపు తిరిగినచో నేల స్వభావమే మారిపోవును. ఎటు చూచినను రాతిపలకలు, గులకరాళ్ళు, పలుచని మట్టి. ఈ ప్రాంతమున ఏటా కురియు వర్షము సుమారు 700 మిల్లీమీటర్లు. అందు అధికభాగము జూన్, అక్టోబరు నెలల మధ్యనే పడును. నల్లరేగడి ఆ తడిని కొన్ని నెలలు పట్టి ఉంచగలదు, కొండవాలు ఉంచలేదు. అట్టి చోట మొలచిన మొక్కకు మొదటి వేసవి దాటుటయే పెద్ద గండము.

ఇట్టి నేలలోనే ఎర్రచందనము పెరుగును. ప్రపంచమున మరెచ్చటను లేక, తూర్పు కనుమల దక్షిణ భాగమునందే ఇది సహజముగా పెరుగుచున్నది. చిక్కుడు కుటుంబమునకు చెందిన ఈ వృక్షము ఎండకాలమున ఆకు రాల్చి నీటిని పొదుపు చేయును. కాని పెద్ద చెట్టుకు గల లోతైన వేరు చిన్న మొక్కకు లేదు. వానకాలమున మొలచినవానిలో అనేకము వేసవికి ఎండిపోవును. కొన్ని మాత్రము బ్రతుకును. ఈ కొన్ని ఎందుకు బ్రతికినవి?

మొక్క దాహమును తట్టుకొను విధములు పెక్కు గలవు. మొదటిది వేరు. కాండము పెరుగుటకు ముందే తల్లివేరును లోతునకు పంపిన మొక్క, పైమట్టి ఎండినను రాతి పగుళ్ళలోని తడిని అందుకొనును. రెండవది ఆకు. ఆకు అడుగున కంటికి కానరాని పత్రరంధ్రములు ఉండును. నీరు ఆవిరియై పోవునది వీని గుండానే. నేల ఎండుట మొదలుకాగానే వీనిని మూసికొను మొక్కకు నీరు మిగులును. మూడవది దారువులోని నాళములు. దాహము మితిమీరినపుడు నాళములోని నీటితీగ తెగి, అందు గాలిబుడగ చేరును. ఆ నాళము ఇక నీటిని మోయలేదు. అట్టి నాళములు పెక్కైనచో మొక్క చచ్చును. ఈ తెగుట కొన్ని మొక్కలలో త్వరగాను, కొన్నింట ఆలస్యముగాను జరుగును.

ఐతే ఈ రక్షణ ఉచితముగా లభించునది కాదు. నీరు పోవు రంధ్రము గుండానే ఆహార నిర్మాణమునకు కావలసిన బొగ్గుపులుసు వాయువు లోనికి రావలెను. రంధ్రము మూసిన మొక్క దాహము తప్పించుకొనును గాని ఆకలికి గురియగును. వేరుకు ఎక్కువ ఖర్చు చేసిన మొక్క పొట్టిగా ఉండును. కావున దినదినము నీరు పోయు నారుమడిలో అన్నింటికంటె ఎత్తైన మొక్కయే కొండమీద ఉత్తమమైనదని తలచరాదు. పొట్టివన్నియు గట్టివని కాదు. ఎత్తు ఒక్కటే కొలతగా పొట్టివానిని ఏరి పారవేసినచో, వానితోపాటు కరవును తట్టుకొనునవి కూడ పోవచ్చునని మాత్రమే దీని భావము.

ఈ భేదము పుట్టుకతో వచ్చినదా, లేక నేలను బట్టి కలిగినదా? బ్రతికిన మొక్క క్రింద తడిగల రాతి పగులు ఉండి ఉండవచ్చును. దీనిని తేల్చు పద్ధతి ఒక్కటే. వేరువేరు తల్లిచెట్ల విత్తనములను వేరువేరుగా సేకరించి, ఒకే మట్టిలో, ఒకే ఎండలో, ఒకే పరిమాణమున నీటితో పెంచవలెను. పరిస్థితి సమానమైన పిదప కూడ ఒక తల్లి పిల్లలు మరియొక తల్లి పిల్లలకంటె స్థిరముగా ఎక్కువ బ్రతికినచో, ఆ భేదములో అనువంశికతకు పాత్ర ఉన్నదనవచ్చును.

దీనికి పైన్ వృక్షములలో ప్రసిద్ధమైన నిదర్శనము గలదు. అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రమున బాస్ట్రాప్ వద్ద, తమ జాతి ప్రధానమైన అడవికి సుమారు 160 కిలోమీటర్లు పడమరగా, పొడినేలలో ఒక లాబ్లాలీ పైన్ వనము ఉన్నది. దానిని 'తప్పిపోయిన పైన్లు' అని పిలుతురు. ఆ విత్తనముల మొక్కలు తడిప్రాంతపు విత్తనముల మొక్కలకంటె అనావృష్టిని బాగుగా తట్టుకొన్నవి. 1951లో టెక్సాస్‌లో ఆరంభమైన వృక్షాభివృద్ధి కార్యక్రమమునకు కరవును తట్టుకొను గుణము ఒక ముఖ్య లక్ష్యమైనది. 2011 సెప్టెంబరులో ఆ వనమున చాలభాగము అగ్నికి ఆహుతియైనపుడు, శీతల గిడ్డంగిలో దాచిన ఆ జాతి విత్తనములే తిరిగి నాటుటకు ఉపకరించినవి.

1906లో స్థాపింపబడిన నంద్యాల వ్యవసాయ పరిశోధన స్థానమున జొన్న, ప్రత్తి వంటి పైరులలో మేలైన రకములను ఎన్నుకొనుచు వచ్చిరి. జొన్నలో ఒక తరము కొన్ని నెలలే. ఎర్రచందనమున చేవ ముదురుటకే దశాబ్దములు పట్టును. నేడు నాటిన మొక్క తన జీవితమున ఎన్ని కరవులను చూచునో! కావున ఒక్క మేలు చెట్టును నమ్ముటకంటె, పలు చెట్ల వైవిధ్యమును కాపాడుటయే క్షేమము. ఎర్రచందనపు పూలకు తేనెటీగలు పరపరాగ సంపర్కము కలిగించును. ఒకే తల్లి విత్తనములైనను తండ్రులు వేరు కావచ్చును. దొంగనరుకుట వలన బలిసిన చెట్లు పోయినపుడు, పోవునది కలప మాత్రమే కాదు, ఆ తల్లిదండ్రుల జన్యువులు కూడ.

ఉన్నత పాఠశాలలో ఈ ప్రయోగమును కానుగ గింజలతో చేయవచ్చును. ఐదు కానుగ చెట్ల గింజలను విడివిడిగా తెచ్చి, ఇంచుమించు సమానమైన బరువు గలవానిని ఏరవలెను. పెద్ద గింజ నుండి వచ్చిన మొక్క తల్లి ఇచ్చిన ఆహారబలముచే మొదట ఏపుగా పెరుగును. అది అనువంశిక గుణమని పొరబడరాదు. జూలైలో ఒక్కొక్క చెట్టుకు పన్నెండు చొప్పున అరువది పొడవైన సంచులలో నాటి, చీటీలు కట్టి, అన్నింటిని కలగలిపి వెలుతురుగల వసారాలో ఉంచవలెను. నవంబరులో నీరు ఆపి, ఏ మొక్క ఏనాడు వాడినదో వ్రాసికొనవలెను. ఒకే తల్లి పిల్లలలోని భేదమెంత, తల్లికి తల్లికి గల భేదమెంత అని పోల్చి చూచిన విద్యార్థికి, నారుమడిలో ఏ మొక్కనైనను పారవేయుటకు ముందు ఏమి ఆలోచింపవలెనో తెలిసివచ్చును.