సేన్ లూయీలో గది: రాత్రికి 20,000 ఫ్రాంకులంటే ఎంత?

రాత్రికి 20,000 ఫ్రాంకులు. సెనెగల్ ఉత్తర తీరంలోని సేన్ లూయీలో, ఓ పాతింటి మేడమీది చిన్న వాటాకి ఇంత అడిగారనుకుందాం. ఒక పడకగది, బల్లా నాలుగు కుర్చీలూ ఉన్న ముందుగది, గ్యాసు పొయ్యితో వంటగది, వీధివైపు చెక్క వరండా. లిఫ్టు లేదు, రిసెప్షన్ లేదు, పొద్దున టిఫిన్ పెట్టేవాళ్లు లేరు. తాళంచెవి ఇంటివాళ్ల అబ్బాయి తెచ్చిస్తాడు. ఈ అద్దె ఎక్కువా, తక్కువా, న్యాయమేనా? ఒక్క అద్దె అంకె చూసి తేల్చుకోలేం. దాని వెనకాల మరో అరడజను అంకెలున్నాయి. వాటితో పాటే ఆ ఊరి కథంతా ఉంది.

ముందు డబ్బు సంగతి. సెనెగల్‌లో చెల్లేది సీఎఫ్ఏ ఫ్రాంకు. ఎనిమిది పశ్చిమ ఆఫ్రికా దేశాలకి ఇదే డబ్బు, నోట్లు జారీ చేసే కేంద్ర బ్యాంకు డకార్‌లో ఉంది. యూరోతో దీని మారకం స్థిరం: 1 యూరోకి 655.957 ఫ్రాంకులు. 1945లో పుట్టిన ఈ ఫ్రాంకు విలువని 1994 జనవరిలో ఒక్క దెబ్బకి సగానికి కోసేశారు. ఆనాడు రాత్రికి రాత్రి బియ్యం, మందుల ధరలు ఎగబాకిన సంగతి అక్కడి పెద్దవాళ్లెవరూ మరిచిపోలేదు. మన లెక్కకొస్తే, 20,000 ఫ్రాంకులంటే 30 యూరోల 49 సెంట్లు. యూరో వంద రూపాయలనుకుంటే సుమారు 3,050 రూపాయలు. ఫ్రాంకుల్లో ఏ ధర చెప్పినా ఆరున్నరతో భాగిస్తే దాదాపుగా రూపాయల్లో ఎంతో తెలిసిపోతుంది.

అన్నిటికన్నా పెద్ద నోటు 10,000 ఫ్రాంకులది. ఏటీఎం నుంచి వచ్చేవి ఎక్కువగా అవే. కానీ రొట్టెల కొట్లోనో, టాక్సీలోనో ఆ నోటు తీస్తే అవతలివాళ్లు చిల్లర కోసం పక్క కొట్లన్నీ తిరగాలి. అందుకే పెద్ద నోట్లు అద్దెకి, చిల్లర బజారుకి. అక్కడి సిమ్ ఉంటే వేవ్ అనే ఫోన్ చెల్లింపు పద్ధతి వాడుకోవచ్చు. డబ్బు పంపితే నూటికి ఒక్క ఫ్రాంకు రుసుము. చేపలమ్మే ఆవిడ నుంచి ఇంటి యజమాని దాకా అందరి దగ్గరా అది ఉంటుంది.

ఇక వాటా ఎక్కడుందో చూడాలి. సేన్ లూయీ మూడు ముక్కల ఊరు. మధ్యలో సెనెగల్ నది పాయల నడుమ ద్వీపం: సుమారు 2 కిలోమీటర్ల పొడవు, 400 మీటర్ల వెడల్పు. పడమట, సముద్రానికీ నదికీ మధ్య సన్నటి ఇసుక నాలుక. దాని మీద గెట్ న్దార్ అనే బెస్తవాడ. తూర్పున ప్రధాన భూభాగం మీద సోర్. బస్టాండు, పెద్ద సంత, జనాభాలో ఎక్కువమంది ఉండేది అక్కడే. 2013 లెక్కల్లోనే ఊరి జనాభా 2 లక్షలు దాటింది. సోర్‌నీ ద్వీపాన్నీ కలిపేది 1897లో తెరిచిన ఫెడెర్బ్ ఇనుప వంతెన, పొడవు 507 మీటర్లు. తుప్పు పట్టిన కమానులన్నీ మార్చి 2011 నాటికి దాన్ని మళ్లీ నిలబెట్టారు. సోర్‌లో గది చవగ్గా దొరుకుతుంది. అయితే ద్వీపం చూడాలనుకున్న ప్రతిసారీ ఆ 507 మీటర్లు దాటాలి. నడిస్తే ఏడెనిమిది నిమిషాలు, సాయంత్రం వాహనాల రద్దీలో టాక్సీ ఎక్కితే అంతకన్నా ఎక్కువే. ద్వీపంలో గది తీసుకుంటే టాక్సీ అవసరమే ఉండదు. చిన్న వంతెన మీదుగా బెస్తవాడకి కూడా నడిచే వెళ్లొచ్చు. నా ఉద్దేశంలో రాత్రికి మూడు నాలుగు వేల ఫ్రాంకులు ఎక్కువైనా ద్వీపమే మేలు.

మూడో ప్రశ్న: ఏ అంతస్తు? దీనికి జవాబు 1659 దగ్గర మొదలవుతుంది. ఆ ఏడాది ఫ్రెంచివాళ్లు ఈ ద్వీపంలో కోట కట్టారు. నది ఎగువ నుంచి తుమ్మజిగురు, బంగారం, తోళ్లు వచ్చేవి. సంకెళ్లతో మనుషులూ వచ్చేవాళ్లు. ఇళ్లన్నీ ఆ వ్యాపారానికి తగ్గట్టే కట్టారు: నేల అంతస్తులో గోదాములు, కొట్లు, చాకిరీ చేసే బానిసల కొట్టాలు, నడుమ లోగిలి, మేడ మీద యజమాని కాపురం, వీధివైపు గాలి కోసం వరండా. ఫ్రెంచి వలసల్లో బానిసత్వం రద్దయింది 1848లో. అంతవరకూ ఈ ఇళ్లలో కింద, పైన అన్నది అంతస్తుల తేడా మాత్రమే కాదు. ఇవాళ వాటాగా అద్దెకిచ్చే కింది గది ఒకప్పుడు ఏమై ఉండేదో తెలుసుకునే అందులో కాలు పెట్టాలి.

ఆ గోదాముల్లో మన తీరం సరుకు కూడా ఉండేది. పుదుచ్చేరి నుంచి నీలిమందు అద్దిన నూలు తానులు ఓడల్లో ఇక్కడికి వచ్చేవి. గినే అని పిలిచే ఆ బట్ట నది వెంబడి డబ్బులా చెలామణీ అయింది. జిగురుకి వెల తానుల్లో కట్టేవాళ్లు. పుదుచ్చేరితో పాటే యానాం కూడా 1954 దాకా ఆ ఫ్రెంచి పాలన కిందే ఉంది కదా. గోదావరి ఒడ్డున ఒకటి, సెనెగల్ నది ఒడ్డున ఒకటి, రెండూ నదీముఖంలోని రేవు పట్టణాలే.

1895 నుంచి 1902 దాకా సేన్ లూయీ ఫ్రెంచి పశ్చిమ ఆఫ్రికా అంతటికీ రాజధాని. తరవాత ఆ హోదా డకార్‌కి పోయింది. 1957లో సెనెగల్ రాజధాని హోదా కూడా అక్కడికే వెళ్లింది. కచేరీలు ఖాళీ అయ్యాయి, ఉద్యోగాలు కరిగిపోయాయి, కొత్త మేడలు కట్టే డబ్బు ఊళ్లో మిగల్లేదు. పాతిళ్లని కూల్చేంత డబ్బూ ఎవరి దగ్గరా లేదు. గళ్ల నుడికట్టు లాంటి వీధులు, పెంకుటి కప్పులు, లోగిళ్లు అలాగే నిలబడి 2000లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి. పేరు దక్కింది కానీ ఆ ఇళ్లకి మరమ్మతు చేయించే భారం వారసుల మీదే ఉంది. ఒక్కో ఇంటికి తాతల నాటి నుంచి చీలిన ఎన్నో వాటాలు. కొందరు డకార్‌లో, కొందరు ఫ్రాన్స్‌లో. సున్నం వేయించాలన్నా అందరూ ఒప్పుకోవాలి. అలాంటి ఇంట్లో రెండు గదులు అద్దెకిస్తే వచ్చే ఫ్రాంకులకి ఎంత విలువో వేరే చెప్పక్కర్లేదు.

ఇక నీళ్ల లెక్క. ద్వీపం సముద్ర మట్టానికి పెద్ద ఎత్తులో లేదు. 2003 అక్టోబరులో నది పొంగి ఊరు మునిగేలా ఉంటే, నీరు సముద్రంలోకి పోవడానికి ఊరికి దక్షిణాన ఆ ఇసుక నాలుకకి గండి కొట్టారు. తవ్వింది కేవలం 4 మీటర్ల వెడల్పు కాలవ. అలలు దాన్ని కోసుకుంటూ పోయి చివరికి కిలోమీటర్ల వెడల్పు చేశాయి. నది పాత ముఖం ఇంకా చాలా దక్షిణాన ఉండేది. కొత్త ముఖం ఊరి దగ్గరికే వచ్చేసరికి సముద్రపు పోటుపాట్లు నేరుగా ఊరికి తగలడం మొదలైంది. ఉప్పు నది పైకి ఎక్కింది. దూన్ బాబా జియే అనే ద్వీపపు పల్లె నీటి పాలైంది. గెట్ న్దార్‌లో సముద్రం ఇళ్ల గోడల్ని కూల్చేస్తుంటే 2018 నుంచి ప్రపంచ బ్యాంకు సాయంతో కుటుంబాల్ని లోపలికి తరలించడం మొదలుపెట్టారు. నాలుగు మీటర్ల తవ్వకం ఎన్ని వేలమంది బతుకుల్ని మార్చేసిందో తలుచుకుంటే గుండె బరువెక్కుతుంది.

గది చూసేటప్పుడు ఇది కంటికి కనిపిస్తుంది. నేల అంతస్తు గోడని మోకాలి ఎత్తు దాకా పరీక్షగా చూడండి. సున్నం బుడగలు కట్టి, వేలితో తాకితే తెల్లటి పిండిలా రాలుతుంటే అది ఉప్పు నీరు ఇటుకల్లోకి పాకిన గుర్తు. పైన ఎంత కొత్త రంగు వేసినా ఒక వానాకాలం తిరిగేసరికి మళ్లీ బయటపడుతుంది. తలుపు గొళ్లేలు, కిటికీ మడతబందులు తుప్పుతో పొరలు పొరలుగా లేస్తాయి. అందుకే మేడ మీది గదికి ఎక్కువ అడిగితే అది న్యాయమే. ఆరిన గోడ, సముద్రపు గాలి రెండూ ఆ డబ్బులోనే వస్తాయి. దోమతెర ఉందో లేదో మాత్రం ఏ అంతస్తులోనైనా అడగాలి.

వాతావరణం దగ్గర మన ఊహ తప్పుతుంది. సేన్ లూయీ 16 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది, మన రేపల్లె ఉన్న గీత మీదే. కానీ మన కోస్తాలో ఏటా వెయ్యి మిల్లీమీటర్ల దాకా వాన పడితే అక్కడ 300 కూడా కష్టం. పడేదంతా జూలై నుంచి అక్టోబరు లోపే. నదికి అవతలి గట్టు మౌరిటానియా, ఆ పైన సహారా. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా రాత్రిళ్లు పదిహేడు డిగ్రీల దాకా చల్లబడతాయి. ఆ నెలల్లో ఏసీ గదికి అదనంగా కట్టడం దండగ. సెప్టెంబరులో మాత్రం ఉక్కపోత మన వైశాఖాన్ని మరిపిస్తుంది.

ఏసీ అనగానే కరెంటు మీటరు. చాలా ఇళ్లలో ముందే డబ్బు కట్టే మీటర్లున్నాయి, వోయోఫాల్ అంటారు. వీధి చివరి కొట్లోనో ఫోన్‌లోనో డబ్బు కడితే 20 అంకెల కోడ్ వస్తుంది. దాన్ని మీటరు మీటలపై ఒక్కొక్కటిగా నొక్కాలి. రాత్రి పదకొండింటికి ఫ్యాను ఆగిపోయి, టార్చి వెలుతురులో ఆ 20 అంకెలు నొక్కాల్సిన పరిస్థితి రాకూడదంటే, చేరిన రోజే రెండు సంగతులు అడగండి: రీచార్జ్ ఎవరిది, మీటరులో ఎంత మిగిలింది? దాన్నిబట్టి వారం ఖర్చు మారిపోతుంది. ఏడు రాత్రుల అద్దె 1,40,000 ఫ్రాంకులు. పర్యాటక పన్ను మనిషికి రాత్రికి 1,000 చొప్పున ఇద్దరికి 14,000. మొత్తం 1,54,000, అంటే 235 యూరోలకి కాస్త తక్కువ. కరెంటు దీనికి అదనమా, ఇందులోనేనా అన్నది మాటలో తేలాలి. ప్లగ్గులు గుండ్రటి రెండు పిన్నుల ఐరోపా రకం.

వంటగది ఉండటమే ఇలాంటి వాటాకున్న అసలు బలం. సెనెగల్ జాతీయ వంట చెబుజెన్ పుట్టింది ఈ ఊరి బెస్తల ఇళ్లలోనే. 2021లో యునెస్కో దాన్ని కూడా తన జాబితాలో చేర్చింది. చేప ముక్కలకి గాట్లు పెట్టి వెల్లుల్లి, కొత్తిమీర లాంటి పార్స్లీ ఆకు, మిరప నూరిన ముద్ద కూరతారు. నూనెలో వేయించి, టమాటా గుజ్జుతో, కర్రపెండలం, క్యారెట్, క్యాబేజీ, వంకాయలతో ఉడికిస్తారు. ఆ పులుసులోనే బియ్యం వేస్తారు. ఆ బియ్యం నూకలు. మామూలు బియ్యం కన్నా నూకలకే అక్కడ గిరాకీ, పులుసు బాగా పీలుస్తాయని. కాకినాడ రేవు నుంచి పశ్చిమ ఆఫ్రికాకి వెళ్లే ఓడల్లో బియ్యంతో పాటు ఆ నూకలూ ఉంటాయి. 2022 సెప్టెంబరులో మన ప్రభుత్వం నూకల ఎగుమతి ఆపేసి, 2025 మార్చిలో మళ్లీ వదిలింది. ఆ నిర్ణయం భారం అక్కడి వంటిళ్ల మీదా పడింది. గిన్నె అడుగున పట్టిన మాడుని గీకి, అందరికీ తలా కాస్త పెడతారు. అద్దె వాటాలో గ్యాసు 6 కిలోల చిన్న బండ కావచ్చు. మన 14.2 కిలోల సిలిండరుతో పోలిస్తే సగం కూడా కాదు. చేరగానే ఎత్తి చూసుకోవడం మంచిది.

చేపలు కావాలంటే మధ్యాహ్నం దాటాక గెట్ న్దార్ ఒడ్డుకి వెళ్లాలి. రంగురంగుల పొడవాటి పడవలు ఇసుక మీదికి వస్తాయి, పెట్టెలు తలమీద పెట్టుకుని కుర్రాళ్లు పరుగెత్తుతుంటారు, బేరం అంతా ఆడవాళ్లదే. వాళ్లనీ ఇళ్లనీ అడక్కుండా ఫోటోలు తీయకండి.

అద్దె బేరం కూడా నిలబడి ఆడేది కాదు. ముందు పలకరింపు: ఇల్లు, పిల్లలు, ఆరోగ్యం. తరవాత అటాయా టీ. చిన్న బొగ్గుల కుంపటి మీద ఆకుపచ్చ టీ పొడి, పుదీనా, పంచదారతో మూడు విడతలు కాస్తారు. మొదటి గ్లాసు చేదు, మూడోది తియ్యన. వారం పైబడి ఉంటామంటే ధర తగ్గించే మాట సాధారణంగా మొదటి రెండు గ్లాసుల మధ్యే తేలుతుంది. దిగ్గొట్టడమే పనిగా పెట్టుకోవద్దని నా మనవి. రాత్రికి 500 ఫ్రాంకులు మనకి 75 రూపాయలు, ఆ ఇంటికి అది ఒక పూట రొట్టెలు.

తేదీలు కూడా చూసుకోవాలి. సెప్టెంబరు 5న ఊరంతా జనసముద్రం. 1895లో అదే రోజున సూఫీ గురువు షేక్ అహ్మదు బాంబాని గాబన్‌కి ప్రవాసం పంపేముందు, ఆయన ఫ్రెంచి గవర్నరు కచేరీలోనే రెండు రకాతుల నమాజు చేశాడన్న నమ్మకంతో ఆయన శిష్యులు వేల సంఖ్యలో వస్తారు. మే, జూన్ మధ్య జాజ్ సంగీతోత్సవం వచ్చినప్పుడు అద్దెలు పెరుగుతాయి. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా 60 కిలోమీటర్ల దూరంలోని జూజ్ పక్షుల అభయారణ్యం కోసం వచ్చేవాళ్లుంటారు. 16,000 హెక్టార్ల ఆ చిత్తడి నేలల్లో ఐరోపా నుంచి సహారా దాటి వచ్చిన పక్షులకి మొదటి పెద్ద మంచినీటి మజిలీ దొరుకుతుంది.

డకార్ నుంచి సేన్ లూయీకి సుమారు 265 కిలోమీటర్లు. 1885లో ఈ దారిన రైలు వేశారు, ఇప్పుడు ప్రయాణికుల బండి లేదు. ఏడుగురిని ఎక్కించుకునే పాత కార్లున్నాయి. ఏడో మనిషి వచ్చేదాకా బండి కదలదు, సామానుకి వేరే బేరం. తొందరైతే మిగిలిన సీట్లకి కూడా మీరే కట్టి బయల్దేరవచ్చు.

ఇంటి నుంచి బయల్దేరేముందే చేయాల్సింది ఎల్లో ఫీవర్ టీకా. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. వేయించుకున్న 10 రోజుల తరవాతే ఆ కార్డు చెల్లుతుంది, ఆ పైన జీవితాంతం. అది లేకుండా సెనెగల్ నుంచి తిరిగొస్తే మన విమానాశ్రయంలోనే 6 రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టవచ్చు. కాబట్టి టిక్కెట్ తేదీకి కనీసం రెండు వారాల ముందు సూది పొడిపించుకుని, కార్డుని పాస్‌పోర్టుతో పాటే పెట్టుకోండి.