మామ్మకు మరపు వస్తే...

ఇంట్లో పెద్దవాళ్ళు కళ్ళజోడు ఎక్కడో పెట్టి వెతుక్కుంటుంటే నవ్వుకుంటాం. అన్నం తిన్న అరగంటకే "నాకింకా అన్నం పెట్టలేదేమే?" అంటే విసుక్కుంటాం. అదే మామ్మ కన్నకూతుర్ని పట్టుకుని "నువ్వెవరివమ్మా?" అని అడిగిన రోజున మాత్రం గుండె గుభేలుమంటుంది. ఆ రోజు దాకా ఆగకుండా ముందే మేలుకోవాలనే ఈ నాలుగు మాటలూ.

వస్తువు ఎక్కడ పెట్టామో మరచిపోవడం వయసు తెచ్చే మరపు. ఆ వస్తువు దేనికో మరచిపోవడం మాత్రం జబ్బు. వైద్యులు దీన్ని డిమెన్షియా అంటారు. మెదడు కణాలు దెబ్బతిన్నకొద్దీ జ్ఞాపకం, మాట, దారి పోల్చుకోవడం, చీర కట్టుకునే నేర్పు ఒక్కొక్కటే జారిపోతాయి. ఇందులో ఎక్కువగా కనిపించేది అల్జీమర్స్ జబ్బు. 1906లో అలోయిస్ అల్జీమర్ అనే జర్మన్ వైద్యుడు దీన్ని మొదట వివరించాడు. మెదడుకు రక్తం సరిగా అందక వచ్చే రకం మరొకటి. మన దేశంలో 60 ఏళ్ళు దాటినవాళ్ళలో నూటికి 7 మందికి పైగా, అంటే సుమారు 88 లక్షల మందికి ఇది ఉందని 2023లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం అంచనా వేసింది. మగవాళ్ళకంటే ఆడవాళ్ళలోనూ, పట్నాలకంటే పల్లెల్లోనూ ఎక్కువని అందులో తేలింది. జబ్బేమో పల్లెలో ఎక్కువ, వైద్యమేమో పట్నంలో ఎక్కువ. చిక్కంతా అక్కడే ఉంది.

పట్నాల్లో ఇలాంటి పెద్దల కోసం డే కేర్ కేంద్రాలు కొన్ని వచ్చాయి. అంగన్‌వాడీ మీరెరిగినదే కదా? ఇదీ ఇంచుమించు అలాంటిదే, పెద్దలకు. పొద్దున్నే దింపి సాయంత్రం తీసుకువెళతారు. అక్కడ వేళకు భోజనం, మందు, కాసిని పాటలు, కాసేపు నడక. ఇంట్లో చూసుకునే కోడలికో కూతురికో నాలుగు గంటల ఊపిరి. 1992లో కేరళలో మొదలైన అల్జీమర్స్ సంఘం మన దేశంలో ఇలాంటి సేవలకు దారి చూపింది.

అయితే ఒకే కేంద్రానికి వచ్చినవాళ్ళందరి ఆరోగ్యమూ ఒక్కలా ఉంటుందనుకోకండి. ఒకామె ఇరవై ఏళ్ళుగా రక్తపోటుకు మాత్రలు వేసుకుంటూ ఉంటుంది. పక్కనామె చేతికి రక్తపోటు చూసే పట్టీ ఒక్కసారైనా చుట్టి ఉండరు. ఒకామెకు పన్ను నొప్పి అయితే చెప్పగలదు. మరొకామె చెప్పలేక కసురుకుంటుంది, అన్నం తోసేస్తుంది. "మొండిదైపోయింది" అంటారు గాని నోరు తెరిచి పన్ను చూసేవారుండరు. మరపు ఇద్దరిదీ ఒకటే అయినా బాధ ఒకటి కాదు. ఇక కేంద్రం గడపే తొక్కలేనివాళ్ళ సంగతి?

బొర్రా గుహలు చూడడానికి మీలో చాలామంది విశాఖ నుంచి సొరంగాల దారిన రైల్లో వెళ్ళే ఉంటారు. ఆ గుహల చుట్టుపక్కల కొండల మీది ఊళ్ళల్లో ఒక ముసలమ్మ ఉందనుకోండి. కొడుకూ కోడలూ పోడుకో కాఫీతోట పనికో పోతారు. ముసలమ్మకు కాపలా ఏడేళ్ళ మనవరాలు. ఇంట్లో పొయ్యి, బయట గెడ్డ, ఆపైన లోయ. దారి తప్పితే వెతకడానికి ఊరు ఊరంతా కదలాలి. రోడ్డు లేని ఊరైతే ఆసుపత్రికి డోలీ కట్టాలి.

పరీక్షలోనూ తేడా ఉంది. ఈ రోజు తారీఖెంత, నూరులోంచి ఏడు తీసెయ్యి, ఒక వాక్యం రాయి - ఇవీ మామూలుగా అడిగే ప్రశ్నలు. బడి మొహం చూడని మనిషిని ఇవి అడిగితే ఏం చెబుతుంది? ఆమె మాట్లాడేది కువి భాషో ఆదివాసీ ఒరియానో అయితే మరీ కష్టం. "సంత ఏ రోజు? ఇది పోడు కొట్టే కాలమా, కోతల కాలమా?" అని ఆమె భాషలోనే అడిగి చూడాలి. ఉత్తరాదిన చదువురాని పల్లెవాసుల కోసం ఇలాంటి పరీక్షను 1990లలోనే హిందీలో తయారుచేశారు.

ఇంకో సంగతి వింటే మీకు సంతోషం కలుగుతుంది. హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో 648 మంది రోగులను పరిశీలించి 2013లో ప్రకటించారు: రెండు భాషలు మాట్లాడేవాళ్ళలో ఈ జబ్బు సుమారు నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైందట. చదువు రానివాళ్ళలోనూ ఈ మేలు కనిపించింది. కొండ మీది మామ్మకు రెండు మూడు భాషలు వచ్చు. ఆమెను చదువులేనిదని తీసిపారెయ్యకండి.

మరి మనం చెయ్యగలిగిందేమిటి? మతి తప్పడం రెండు మూడు రోజుల్లోనే హఠాత్తుగా వస్తే అది జ్వరం, మూత్రంలో చీము, ఒంట్లో నీరు తగ్గడం వంటి వాటివల్ల కావచ్చు. ఆలస్యం చేయకుండా ఆరోగ్య కేంద్రానికి తీసుకువెళ్ళాలి. థైరాయిడ్ లోపం, బి12 విటమిన్ లోపం, మనోవ్యాకులత కూడా మరపులా కనిపిస్తాయి. వీటికి వైద్యం ఉంది. అసలు డిమెన్షియాను పూర్తిగా నయంచేసే మందు లేదు. కాని రక్తపోటు, చక్కెర, చెవుడు, చూపు వంటి 14 విషయాల్లో జీవితమంతా జాగ్రత్తపడితే నూటికి 45 వంతుల దాకా రాకుండా ఆపడమో, వెనక్కి నెట్టడమో సాధ్యమని 2024లో అంతర్జాతీయ నిపుణుల బృందం చెప్పింది. ఏఎన్ఎం ఊళ్ళోకి వచ్చినప్పుడు పసిపిల్లలతోపాటు మామ్మనూ కూర్చోబెట్టండి.

ఇంట్లో ఆమెతో వాదించకండి. "ఇందాకే చెప్పానుగా!" అనకండి. చేతులకు తెలిసిన పని ఇవ్వండి: చోళ్ళు చెరగడం, చింతపండు గింజ తీయడం, అడ్డాకులు కుట్టడం. కత్తిపీట, నిప్పు దూరంగా ఉంచండి. అన్నిటికంటే ముఖ్యం, అర్థం లేకుండా గొణుక్కునే ముసలమ్మను చూసి చిల్లంగి అని ఎవరైనా అంటే ఆ మాటను అక్కడికక్కడే ఖండించండి. అది జబ్బు. ఆ అనుమానం ప్రాణం మీదికి తెస్తుంది.

డే కేర్ అంటే పెద్ద భవనమే అక్కర్లేదు. నలుగురు ఇరుగుపొరుగు ఆడవాళ్ళు వంతులు వేసుకుని, ఒకే అరుగు మీద ముగ్గురు పెద్దలను పగలంతా కనిపెట్టుకుంటే అదే డే కేర్. మిగిలిన ముగ్గురూ ధీమాగా పనికి పోవచ్చు. ఆ ఏడేళ్ళ పిల్ల బడికి పోవచ్చు. సలహా కావాలంటే మానసిక ఆరోగ్యానికి 14416, వృద్ధుల సహాయానికి 14567 నంబర్లకు ఉచితంగా ఫోను చేయవచ్చు.

మామ్మ మనని మరచిపోవచ్చు. మనం మాత్రం ఆమెను మరచిపోకూడదు.