బ్రేకు బలం: ముందు చక్రాలకెంత, వెనుక చక్రాలకెంత?

కోయంబత్తూరు సమీపంలోని కారి మోటార్ స్పీడ్‌వేలో జరిగే ఫార్ములా భారత్ పోటీలకు ఇంజనీరింగ్ విద్యార్థులు తాము తయారుచేసిన రేసు కార్లను తీసుకువస్తారు. పరుగు పోటీల్లో పాల్గొనాలంటే కారు ముందుగా బ్రేకు పరీక్షలో నెగ్గాలి. వేగంగా వచ్చి బ్రేకు తొక్కినప్పుడు నాలుగు చక్రాలూ బిగుసుకోవాలి; కారు పక్కకు తిరగకుండా ఆగాలి.

బ్రేకు పడగానే బస్సులో నిలబడినవారు ముందుకు తూలడం మీకు తెలిసిందే. అదే విధంగా కారు భారంలో కొంత వెనుక ఇరుసు నుంచి ముందు ఇరుసుకు మారుతుంది. మారే భారం కనుక్కోవడానికి కారు బరువును 'జి'లలో చెప్పిన రుణత్వరణంతోను, గరిమనాభి ఎత్తుతోను గుణించి, ఇరుసుల మధ్య దూరంతో భాగించాలి.

డ్రైవరుతో కలిపి 300 కి.గ్రా. బరువున్న కారును తీసుకోండి. నిలిచి ఉన్నప్పుడు ముందు 135, వెనుక 165 కి.గ్రా. ఉన్నాయనుకుందాం. గరిమనాభి ఎత్తు 0.3 మీ., ఇరుసుల దూరం 1.6 మీ. పొడి ట్రాక్ మీద 1.4 జి వద్ద సుమారు 79 కి.గ్రా. ముందుకు మారుతుంది. అప్పుడు ముందు 214, వెనుక 86. అంటే బ్రేకు బలంలో దాదాపు 71 శాతం ముందు చక్రాలకు దక్కాలి. వానలో టైర్ల పట్టు తగ్గి 0.7 జి మాత్రమే సాధ్యమైతే ఈ వాటా 58 శాతమే. కారు అదే, పెడల్ అదే. సరైన నిష్పత్తి మాత్రం వేరు.

పొడి ట్రాక్‌కు సరిచేసిన కారు వానలో నడిస్తే ముందు చక్రాలు తొందరగా బిగుసుకుంటాయి. స్టీరింగ్ పనిచేయక కారు నేరుగా జారుతుంది; పెడల్ వదిలితే మళ్లీ దారికి వస్తుంది. వానకు సరిచేసిన కారు పొడి ట్రాక్ మీద నడిస్తే వెనుక చక్రాలు ముందుగా బిగుసుకుంటాయి. బిగుసుకున్న చక్రానికి పక్కబలాన్ని తట్టుకునే శక్తి దాదాపు ఉండదు కనుక కారు గిర్రున తిరిగిపోతుంది. ఇదే ప్రాణాపాయకరం. బ్రేకు పరీక్ష గట్టెక్కడం కోసం వెనక్కి పెంచిన బలాన్ని తర్వాత తగ్గించకుండా డ్రైవరును ట్రాక్ మీదికి పంపకూడదు.

బ్యాలెన్స్ బార్

ఈ సర్దుబాటుకు సాధారణంగా వాడేది బ్యాలెన్స్ బార్. కావడి బద్దను తలచుకోండి: ఎక్కువ బరువున్న కుండను భుజానికి దగ్గరగా ఉంచుతారు. ఇక్కడ భుజం స్థానంలో పెడల్‌లోని బేరింగ్, కుండల స్థానంలో ముందు, వెనుక మాస్టర్ సిలిండర్లు ఉంటాయి. బార్ కొనల మధ్య 60 మి.మీ. ఉండి, బేరింగ్ ముందు సిలిండర్ వైపు 3 మి.మీ. జరిగితే, దానికి పెడల్ బలంలో 33/60, అంటే 55 శాతం అందుతుంది. ఇది సిలిండర్‌కు అందే బలం మాత్రమే. పిస్టన్ల వైశాల్యం, డిస్కు వ్యాసార్థం కూడా కలిస్తేనే చక్రం దగ్గరి వాటా తేలుతుంది. చాలామంది తడబడేది ఇక్కడే.

సర్దే ముందు గొట్టాల్లోని గాలిని పూర్తిగా తీసివేయాలి. లేకపోతే కొలతలకు అర్థం ఉండదు. టైర్లు వేడెక్కాక తిన్నని దారిలో బ్రేకు వేయిస్తూ, ఏ చక్రం ముందుగా బిగుసుకుంటుందో పక్కనుంచి ఒకరు గమనించాలి. ఒక్కోసారి అర చుట్టు మాత్రమే తిప్పి మళ్లీ చూడాలి. ముందు చక్రాలు వెనుకవాటికంటే రవ్వంత ముందుగా బిగుసుకునే చోట ఆపి, బార్‌ను లాక్ చేయాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

పై కారులో గరిమనాభి ఎత్తును 0.25 మీటర్లకు తగ్గించారు. 1.4 జి వద్ద ముందు చక్రాల వాటా ఎంత? ఇప్పుడు బేరింగ్‌ను ఏ సిలిండర్ వైపు జరపాలి?