పట్టుగుడ్డలోని రాగి కాసు

గత శ్రావణమాసంలో దాతలైన దంపతులు ఒకరు పట్టుగుడ్డలో చుట్టిన ఒక రాగి కాసును నా చేతిలో పెట్టి, "పండితులవారూ, దీనిమీది అక్షరాలు చదివి చెప్పండి" అన్నారు. ఒకవైపు సీతారామ పట్టాభిషేకం. రెండవవైపు ఆంగ్లలిపిలో ఈస్టిండియా కంపెనీ పేరు, అర్ధణా వెల, 1818 సంవత్సరం. అన్నదానానికని దాచుకొన్న ఇరవై వేల రూపాయలతో ఒక క్షేత్రవీథిలో కొన్నారట.

నేను చదివినది వ్యాకరణమే గాని నాణెశాస్త్రం కాదు. అయినా ఈ కాసు విషయంలో సందేహానికి తావు లేదు. కంపెనీవారు దేవతామూర్తులతో నాణేలు వేయనేలేదని కాదు. చెన్నపట్నపు 'మూడుస్వాముల వరహా'పై దేవేరులతో కూడిన వేంకటేశ్వరుడున్నాడు. అది బంగారం. రాగి అర్ధణాపై రాముణ్ణి గాని హనుమంతుణ్ణి గాని వారి టంకశాలలు ముద్రించలేదు. 1835 నాటి నిజమైన అర్ధణాకు ఒకవైపు సింహాలతో కూడిన కంపెనీ చిహ్నం, రెండవవైపు ఆకులదండ నడుమ వెల ఉంటాయి. సీతారాములున్న నాణెం చూడగోరేవారు పెనుగొండ నుండి ఏలిన అరవీటి తిరుమలరాయల వరహాను చూడాలి. దాని తూకం సుమారు 3.4 గ్రాములు, చిటికెనవేలి గోరు కంటె కొంచెం పెద్దది, అంతే.

మరి రామటెంకి మాటేమిటి? అది నాణెం కాదు, పూజకై చేసిన బిళ్ల. పాతవి ఉన్నాయి, నేడు చేసేవీ ఉన్నాయి. రామదాసు చెర విడిపించేందుకు రామలక్ష్మణులు తానీషాకు చెల్లించిన మాడల కథ వింటూ పెరిగినవాళ్లం; వర్తకుడు ఆ కథ ఎత్తుకోగానే మన చేయి సంచిలోకి పోతుంది.

పోతపోసిన నకిలీ కాసుపై సూదిమొనంత గుంటలు, అంచుచుట్టూ అతుకుగీత కనిపించవచ్చు. తడిగుడ్డకు ఊడివచ్చే చిలుము పూసిన రంగే. చింతపండుతో మాత్రం తోమకండి, నిజమైనదైతే పాడవుతుంది. కాసు బియ్యపుగింజలను లాగుతుందని చూపేవాడితో మాట్లాడనే వద్దు. గింజల్లో ఇనుపరజను, చాటున అయస్కాంతం ఉంటాయి.

వర్తకుణ్ణి రసీదు అడగండి, దానిపై కాలం వ్రాయమనండి. వందేండ్లు దాటిన నాణెం 1972 చట్టం ప్రకారం పురావస్తువు. దాని వ్యాపారానికి పురావస్తుశాఖ లైసెన్సు ఉండాలి. "మా పొలంలో దొరికింది" అంటే మరీ చిక్కు. భూమిలో దొరికిన నిక్షేపం పది రూపాయలకు మించిన విలువదైతే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం. అతని మాట నిజమైతే చాటుగా అమ్మరాదు, అబద్ధమైతే మీరు కొననక్కరలేదు.

అంతా విని ఆ ఇల్లాలు, "దీనికి పూజ చేయవచ్చునా?" అని అడిగింది. "మూర్తి రామునిదే, తల్లీ. వయస్సే అబద్ధం" అన్నాను. సొమ్ము తిరిగి అడుగుదామని వారు ఆ వీథికి వెళ్లేసరికి వర్తకుని బల్ల అక్కడ లేదు. కాసు వారి పూజామందిరంలోనే ఉన్నది. పట్టుగుడ్డ మాత్రం తీసివేశారట.